రాళ్ళ బాట దాటిన జాడ

మా బావ ఒస్లాక్ నేల చూసి నడిచే మనిషి. ఎదురొచ్చినవాళ్ళ ముఖం చూడడు, పాదాలు చూస్తాడు. మా అక్కను అడగడానికి మా ఇంటికి వచ్చిన రోజున కూడా అంతే. అక్క గుమ్మం దాటి బావి దాకా వెళ్ళి వచ్చింది. ఆమె వెళ్ళినంతసేపూ తల ఎత్తని ఈ మనిషి, వచ్చాక ఆ తడిమట్టిని చూసి మా నాన్నతో అన్నాడు: “మీ పెద్దమ్మాయి ఎడమ కాలు కాస్త లోపలికి వేస్తుందండీ. చిన్నప్పుడు ఎక్కడో ఎత్తు మీంచి పడుంటుంది.” నిజమే. ఐదేళ్ళప్పుడు గడ్డి అటక మీంచి పడింది. మా నాన్న పడీపడీ నవ్వి, అప్పటికప్పుడే పిల్లనిస్తానన్నాడు.

నా పేరు బేగా. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నోరు ఇప్పటంతే ఉండేది. “బావా, నా పాదాలు కూడా చూసి చెప్పు, నాకెలాంటి మొగుడొస్తాడో!” అని కాలు ముందుకు చాపాను. అతను గంభీరంగా వంగి చూసి, “వాడెలాంటోడో తెలీదు గానీ బేగా, వాడికి పరిగెత్తడం బాగా వచ్చుండాలి” అన్నాడు. ఆ మాట మా ఊళ్ళో నాకు పెళ్ళయి, మొగుణ్ణి పోగొట్టుకుని, బార్లీ సారా కాచి అమ్ముకునే వయసు వచ్చేదాకా చెప్పుకున్నారు.

బావ పని తప్పిపోయిన పశువుల జాడ తీయడం. పొలం ఉంది, తనే దున్నేవాడు, కోసేవాడు. కానీ ఎవరి గొడ్డు పోయినా ముందు అతని గుమ్మానికే పరుగు. చిన్న కర్ర ఒకటి పట్టుకుని, మెడ వంచుకుని బయలుదేరేవాడు. రాలిన ఆకుల కింద, ఎండిన వాగులో, గొర్రెల మంద తొక్కిన దారిలో కూడా ఒక్క గిట్ట గుర్తును పట్టుకుని సాగేవాడు. జాడ ఎక్కడ ఆగితే అక్కడ కర్ర పాతేవాడు. అతను కర్ర పాతాక ఇక వాదన ఉండేది కాదు.

అయితే ఆ రోజుల్లో మా జాడలన్నిటికీ ఒక హద్దు ఉండేది, రాళ్ళ బాట. ఎప్పుడో రాక్షసులు పరిచారంటారు. మనుషులు పరిచిన రాళ్ళలా మాత్రం ఉండవు. ఇవతల మెర్సియా రాజ్యంవాళ్ళం, అవతల సముద్రం దాటొచ్చి స్థిరపడ్డ డేన్లు. మా తాతలూ వాళ్ళ తాతలూ ఒకరినొకరు నరుక్కుని, ఇద్దరికీ ఓపిక అయిపోయి, ఆ బాటనే గట్టుగా పెట్టుకున్నారు. గొడ్డు బాట దాటిందంటే పోయినట్టే. బావ బాట అంచున కర్ర పాతి, “అవతల సంగతి అవతలోళ్ళది” అని తిరిగి వచ్చేవాడు. పోగొట్టుకున్నవాడు రెండు రోజులు ఏడ్చి ఊరుకునేవాడు.

తర్వాత దక్షిణాది రాజు అందరికీ రాజయ్యాడు. మెర్సియాను మింగాడు, బాట అవతల డేన్లు కూడా వంగి దండం పెట్టారు. ఎక్కడి నాణెం మీద చూసినా ఒకటే తల. ఇకనుంచి మీరు మెర్సియావాళ్ళూ కాదు, వాళ్ళు డేన్లూ కాదు, అందరూ ఇంగ్లీషువాళ్ళే అన్నారు. మంచిదే అనుకున్నాం. మా ఇళ్ళన్నీ లెక్కపెట్టి నూరేసి ఇళ్ళకు ఒక సభ అన్నారు. నాలుగు వారాలకోసారి గుట్ట మీద కూడాలన్నారు. దాని మీద రాజుగారి అధికారిగా బెర్నోత్ అనే ఆయన వచ్చాడు. సన్నటి మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు. అరిచే అధికారులంటే నాకు భయం లేదు, నా గొంతు ముందు వాళ్ళెంత. ఈయనను చూస్తే మాత్రం మొదటి రోజునుంచీ నా వీపు మీద చల్లగా ఉండేది.

పన్నెండేళ్ళు దాటిన ప్రతి మగవాడూ గుట్ట మీద నిలబడి ప్రమాణం చేశాడు. రాజు ప్రేమించినదాన్ని ప్రేమిస్తాను, ద్వేషించినదాన్ని ద్వేషిస్తాను, దొంగను దాచను, వాడు నా సోదరుడైనా, నా బంధువైనా. ఆడవాళ్ళం వెనక నిలబడి చూశాం. మా బావ ఆ మాటలు అంటున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను పక్కనున్న దాన్ని మోచేత్తో పొడిచి నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఆ మాటలు వినాల్సింది. అన్నీ అక్కడే చెప్పేశారు.

కొత్త శాసనంలో జాడల గురించి కూడా ఉంది. జాడ ఇక రాళ్ళ బాట దగ్గర ఆగదు. బాట దాటినా, ఏరు దాటినా వెంట వెళ్ళవచ్చు. ఏ సభ హద్దులోకి జాడ వెళ్ళిందో ఆ సభవాళ్ళు దాన్ని అందుకోవాలి. బయటికి వెళ్ళినట్టు చూపించలేకపోతే నష్టం వాళ్ళే కట్టాలి. పోయిన గొడ్డు జాడ ఎవరి దొడ్లోకి వెళుతుందో అక్కడ జాడ తీసేవాడు కర్ర పాతితే, ఆ కర్రే ప్రమాణం. ఫిర్యాదు చేసినవాడు వేరే నోరు విప్పనక్కర్లేదు. బావకు అది ఎంత గర్వమో చెప్పలేను. “చూశావా బేగా, నా కర్రకు రాజుగారి మాటంత బరువొచ్చింది” అనేవాడు. “ఇన్నేళ్ళూ ఆ బాట దగ్గర మెడ తిప్పుకుని వచ్చేయడం నాకెంత సిగ్గుగా ఉండేదో నీకు తెలీదు.” దొంగతనాలు నిజంగానే తగ్గాయి. ఉన్నమాట చెప్పుకోవాలి.

బాట తెరుచుకున్నాక రాకపోకలు పెరిగాయి. బావకూ అక్కకూ ఒక్కతే కూతురు, మిల్‌గిత్. అక్క పోయాక దాని తల దువ్వింది నేనే. అది బాట పక్క సంతలో టోకి అనే డేన్ కుర్రాణ్ణి చూశాక, ఇక ఇవతలి కుర్రాళ్ళెవరూ దాని కంటికి ఆనలేదు. టోకి కుడి పాదానికి మూడు వేళ్ళు లేవు, కట్టెలు కొడుతూ గొడ్డలి వేసుకున్నాడు. ఆ గాయానికి కట్టు కట్టింది మా బావే. అప్పుడే సంబంధం కుదిరిందనుకోవచ్చు. ఊళ్ళో గుసగుసలాడారు. నేను టోకి ముఖం మీదే అన్నాను: “ఏంటబ్బాయ్, మీవాళ్ళు వారానికోసారి స్నానం చేసి తల దువ్వుకుంటారట గదా? ఇంత సోకు చేసుకునేవాడితో మా పిల్ల ఎలా వేగుతుంది?”

“ఏం చేస్తాం అత్తా,” అన్నాడు, “మీ ఊరివైపునుంచి గాలొచ్చిన రోజు రెండోసారి కూడా చెయ్యాల్సొస్తోంది.”

ఆ రోజునుంచి వాడు నాకు నచ్చాడు. మిల్‌గిత్ బాట దాటి కాపురానికి వెళ్ళింది.

ఆ వేసవిలోనే ఏటికి ఎగువనున్న ఒక సభవాళ్ళు జాడ దొరకలేదని చెప్పారు. దొరికింది, కానీ దాచారని ఎవరో రాజుగారి మనుషులకు చేరవేశారు. గుర్రాలు వచ్చాయి. మూడు కుటుంబాల ఇళ్ళు తగలబెట్టారు. మా ఊరి చేల మీదికి రెండు రోజులు పొగ వచ్చింది. ఎవరం దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. సారాకు నా ఇంటికి వచ్చేవాళ్ళు కూడా తాగి త్వరగా వెళ్ళిపోయేవాళ్ళు.

ఇక శరదృతువులో పోయిన ఎద్దు ఎవరిదో కాదు, నాది.

నా మొగుడు పోయాక నాకు మిగిలిన ఒకే ఒక్క ఎద్దు అది. బూడిద రంగు. వెనక ఎడమ గిట్ట బయటి చీలిక విరిగి ఉంటుంది. ఆ ఉదయం పొగమంచులో కొట్టం తలుపు తీస్తే పలుపు తాడు కోసి ఉంది. నేను అరిచిన అరుపుకు ఊరంతా లేచింది. శాసనం ప్రకారం అరవాలి కూడా. కొమ్ము ఊదారు. మగవాళ్ళు కర్రలతో, ఈటెలతో వచ్చారు. నేను నేరుగా బావ ఇంటికి వెళ్ళాను. చిక్కుడు గింజల గంజి తాగుతున్నాడు.

“ఏంటి బావా, నా ఎద్దు పోతే నువ్వు గంజి జుర్రుతున్నావా? లే!”

“ఎద్దు ఎగరదులేవే,” అన్నాడు. “నేల మీదే పోయుంటుంది. నేల నాకు చెప్తుంది.”

పొరుగు ఊళ్ళో ఉన్న బెర్నోత్ కూడా కొమ్ము విని ఇద్దరు గుర్రపువాళ్ళతో వచ్చాడు. వాళ్ళలో ఒకడు దక్షిణాదివాడు, జాడలు తీసేవాడే; బావ ఏం చేస్తాడో చూడాలని వచ్చాడు. బావ వాడుకగా చెప్పే మాటలు చెప్పాడు: పగతో కాదు, ఆశతో కాదు, పోయినదాన్ని వెతకడానికే ఈ జాడ పడుతున్నాను. తల వంచాడు. బయలుదేరాం. నా ఎద్దు కాబట్టి నేనూ వెళ్ళాను.

అంత చక్కగా జాడ తీయడం నేనెప్పుడూ చూడలేదు. “ఇదిగో, విరిగిన గిట్ట. తోలేవాడు ఒక్కడే. చెప్పు మడమకు తోలు అతుకుంది. తొందరలో ఉన్నాడు, కానీ దారి తెలిసినోడు కాదు, ఇక్కడ రెండుసార్లు ఆగాడు.” దక్షిణాదివాడు గుర్రం దిగి తనూ చూసి తల ఊపాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి, సంతోషంతో. అరవై ఏళ్ళ మనిషి, ఎవరో పైవాడు తల ఊపితే అంత మురిసిపోయాడు.

జాడ రాళ్ళ బాట ఎక్కింది. అక్కడ రాయి తప్ప ఏమీ లేదు. బావ అటూ ఇటూ తిరిగాడు. బెర్నోత్ గుర్రం మీదినుంచే మెల్లగా అన్నాడు: “ఆగావేం పెద్దాయనా? మెర్సియా కళ్ళు ఇక్కడిదాకే పనిచేస్తాయా? ఇప్పుడు అవతలా మన రాజుగారి నేలే.”

మనుషులు నవ్వారు. బావ బాట దాటి అవతలి మట్టి అంచున వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

“బేగా,” అన్నాడు గొంతులోనే. “ఇది టోకి అడుగు.”

చూశాను. నాకు కూడా కనిపించింది. కుడి పాదం గుర్తులో రెండే వేళ్ళు.

“చెరిపెయ్,” అన్నాను. “కాలు పెట్టి తొక్కు. దొరకలేదని చెప్పు. ఎద్దు నాది, పోతే పోయింది. పద, తిరిగి పోదాం.”

“నోర్ముయ్. ఆ దక్షిణాదోడు ఉన్నాడు. వాడు కూడా చూడగలడు. ఎగువ ఊరి పొగ మర్చిపోయావా?”

“వాడు చూసినప్పుడు చూస్తాడు. నువ్వు ముందు తొక్కు బావా!”

“సరిగ్గా చూడవే. మా అల్లుడు దొంగ కాదు.” మట్టిని వేలితో చూపించాడు. “అతుకు చెప్పువాడు ఇక్కడ ఎద్దును నిలబెట్టాడు. చాలాసేపు నిలబడింది, గిట్టలు దిగిపోయాయి, పేడ కూడా వేసింది. టోకి ఇటునుంచి ఒంటరిగా వచ్చాడు. ఎదురెదురుగా నిలబడ్డారు. బేరం. తర్వాత టోకి ఎద్దును తోలుకుని ఇటు, వాడు ఖాళీ చేతులతో అటు. అంతా ఇక్కడ రాసిపెట్టినట్టుంది. నేను దాచితే దొంగతనం అవుతుంది. చూపిస్తే కొనుగోలు అవుతుంది. నిజం చెప్తే చాలు.”

నా చెయ్యి విదిలించుకుని లేచాడు. భయంతో చేశాడా, అల్లుణ్ణి కాపాడాలని చేశాడా, బెర్నోత్ ఎగతాళికి రోషం వచ్చి చేశాడా అని చాలామంది నన్ను అడిగారు. మూడూ ఉన్నాయి. కానీ అన్నిటికంటే ముందు, అతనికి అది కనిపించింది. కనిపించినదాన్ని కనిపించలేదనడం అతనికి చేతకాదు. ఆ చేతకానితనం మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జాడ టోకి దొడ్డి గుమ్మం దాకా వెళ్ళింది. లోపల నా ఎద్దు గడ్డి తింటోంది. బావ గుమ్మంలో కర్ర పాతాడు.

టోకి చేతులు తుడుచుకుంటూ నవ్వుతూ బయటికి వచ్చాడు. “మావా! అత్తా! ఏంటి, ఊరంతా కట్టగట్టుకొచ్చారు? ముందే చెప్తే పందిని కోసేవాణ్ణి గదా!” వెనకాల మిల్‌గిత్, ఏడో నెల పొట్టతో. దాని కళ్ళు మనుషుల మీద కాక ఆ కర్ర మీద పడ్డాయి. తండ్రి కర్ర అంటే ఏమిటో దానికి ఒకరు చెప్పాలా. గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

బావ గట్టిగా, అందరికీ వినబడేలా మొత్తం చెప్పాడు. అతుకు చెప్పు, పేడ, బేరం, అన్నీ. బెర్నోత్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. “బాగా చూశావు,” అన్నాడు చివర్లో. “నీలాంటివాడు నేను తిరిగిన నూరిళ్ళ సభలన్నిట్లో లేడు.” తర్వాత టోకి వైపు తిరిగాడు. “కొన్నప్పుడు సాక్షులెవరు?”

“సాక్షులా? చెయ్యి కలిపాం దొరా. అతను చెయ్యి చాపాడు, నేను కలిపాను. మా నాన్నా అలాగే కొనేవాడు, మా తాతా అలాగే.”

“అమ్మినవాడి పేరు?”

“అడగలేదు. చెయ్యి కలిపాక పేరెందుకు?”

ఇదీ వాళ్ళ పద్ధతి. డేన్లకు చెయ్యి కలిపితే బేరం ముగిసినట్టే. ఆ తర్వాత పేరడిగితే అవతలివాణ్ణి అనుమానించినట్టు, అవమానం. కొత్త శాసనం ప్రకారం రాజుగారి కోట ఉన్న ఊరి సంతలో, అధికారి పెట్టిన సాక్షుల ముందు కొంటేనే కొన్నట్టు. ఆ సంగతి బాట అవతల చాటింపు వేశారు. టోకి విన్నాడో లేదో. విన్నా, తెల్లవారి ఎవడో మంచి ఎద్దును తక్కువకిస్తానంటే, రేపు పుట్టబోయే బిడ్డ గుర్తొచ్చి చెయ్యి చాపి ఉంటాడు.

“చెయ్యి కలిపితే సరిపోయే రోజులు పోయాయి,” అన్నాడు బెర్నోత్. కోపంగా కూడా అనలేదు.

మూడు రోజుల తర్వాత గుట్ట మీద సభ అన్నారు. టోకి నిర్దోషి అని ప్రమాణం చేసేవాళ్ళు ఆరుగురు రావాలి. లేదా అమ్మినవాణ్ణి తీసుకురావాలి. బావ వెంటనే, “అమ్మినోణ్ణి నేను తెస్తాను దొరా. వాడి జాడ నాకు తెలుసు” అన్నాడు. వెళ్ళమన్నాడు బెర్నోత్. అతుకు చెప్పు వెంట బావ మధ్యాహ్నానికల్లా ఏటి దాకా వెళ్ళాడు. అప్పుడు వర్షం మొదలైంది. రెండు రోజులు వదలకుండా కురిసింది. మూడో రోజు ఒళ్ళంతా బురదతో తిరిగి వచ్చి నా ఇంటి పొయ్యి ముందు కూర్చున్నాడు. సారా ఇచ్చాను, తాగలేదు.

“ఫరవాలేదు,” అన్నాడు. “ఆరుగురు చాలు గదా. నా మాట ఒక్కటే ఈ సభలో ఆరుగురి పెట్టు.”

నేను నమ్మాను. నిజంగానే నమ్మాను.

సభ రోజున గుట్ట నిండా జనం. టోకి ఊరినుంచి నలభై మంది వచ్చారు, ముందుకు వచ్చి నిలబడింది ఇద్దరే: వాడి తమ్ముడు ఉల్ఫ్, ఒక ముసలాయన. మిగతావాళ్ళు నేల చూపులు చూశారు. వాళ్ళకూ ఎగువ ఊరి పొగ కనిపించింది గదా. ఎవరినీ తిట్టలేను. తిట్టాను, అది వేరే సంగతి.

అప్పుడు బావ ముందుకు వచ్చాడు. “నేను చేస్తాను ప్రమాణం. నా అల్లుడు ఎద్దును కొన్నాడు, దొంగిలించలేదు. నేల సాక్షిగా చూశాను.”

బెర్నోత్ అతన్ని కాసేపు చూశాడు. “నీ ప్రమాణం అయిపోయింది పెద్దాయనా.”

“ఏంటండీ?”

“వాళ్ళ గుమ్మంలో కర్ర పాతావు. ఆ కర్ర ఫిర్యాదు తరఫు ప్రమాణం. ఒక తగువులో ఒకే మనిషి రెండు పక్కలా ప్రమాణం చెయ్యకూడదు.”

బావ సభ పెద్దల వైపు తిరిగాడు. మా ఊరి పెద్ద వంగిన నడుముతో లేచి, “నిజమే ఒస్లాక్. కిందటేడు ఆ గొర్రెల తగువులో ఈ మాట నువ్వే గదా చెప్పావు” అన్నాడు.

అవును. ఆ రోజు పాపం ఎవడో తన తోడల్లుడి కోసం రెండో పక్కకు రాబోతే, కుదరదని సభలో నిలబడి గట్టిగా చెప్పింది మా బావే. మర్చిపోలేదు కూడా. చూసినదంతా చెప్తే ఆ చెప్పడమే చాలనుకున్నాడు. కర్ర గుమ్మంలో దిగగానే చెప్పేదంతా తీసుకుని, అందులో తమకు కావలసినది మాత్రమే ఉంచుకుంటారని అతనికి తట్టలేదు. ఆ కర్రను బాట ఇవతల పడేసి ఉంటే, ఈ రోజు అతని మాట టోకి పక్కన నిలబడేది.

నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను.

“ఈ ఎద్దు నాది కాదు!” అన్నాను. “వినండి దొరా. పొగమంచులో పొరపాటు పడ్డాను. నా ఎద్దు నల్లది. దీన్ని నేనెప్పుడూ చూడలేదు. ఫిర్యాదు లేదు, ఏం లేదు, అందరూ ఇళ్ళకు పోండి!”

ఎద్దును గుట్ట కింద కట్టి ఉంచారు. నా గొంతు వినగానే అది తల తిప్పింది. తాడు ఈడ్చుకుంటూ నా వైపు వచ్చి, రోజూ పొద్దున్నే చేసేటట్టు, నా భుజం మీద గడ్డం ఆనించి ఊపిరి వదిలింది. మొదట ఒకరిద్దరు నవ్వారు. తర్వాత సభంతా నవ్వింది. టోకి కూడా నవ్వాడు, తాడు కట్టిన చేతులతో. “ఊరుకో అత్తా,” అన్నాడు. “అది కూడా నీ మాట వినట్లేదు.”

నవ్వు ఆగాక బెర్నోత్ గొంతు పెంచకుండానే తీర్పు చెప్పాడు.

ఆ సాయంత్రం వెలుగుండగానే రాళ్ళ బాట పక్కన, ఇటూ అటూ రెండు ఊళ్ళకూ కనిపించేచోట వాణ్ణి ఉరి తీశారు. మిల్‌గిత్‌ను నేను ఇంట్లో పట్టుకుని కూర్చున్నాను. అది ఏడవలేదు, నా మణికట్టును గోళ్ళు దిగేలా పట్టుకుంది. బెర్నోత్ వెళుతూ ఊరివాళ్ళతో అన్నాడట: ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా ఇప్పుడు దొంగకు నిలబడే చోటు లేదు, ఇటువంటి రాజ్యం మీ తాతలు చూశారా అని. చూడలేదు. అబద్ధం కాదు.

ఉల్ఫ్ తన అన్న శవం ముందు పగ తీర్చుకుంటానని ఒట్టు పెట్టుకున్నాడు. ఉరి తీసిన దొంగ తరఫున పగ పట్టినవాడు రాజుకు శత్రువు. వారంలోపే వాడు అడవిలోకి పారిపోయాడు, వాడి తలకు విలువ కట్టారు. టోకి దొడ్డిని రాజూ సభా పంచుకున్నారు. ఒకరోజు మిల్‌గిత్ కూడా ఆ ఇంట్లో లేదు. ఎక్కడికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

దాని జాడ తీయమని బావను అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. క్రిస్మస్ ముందు ఒక ఉదయం మళ్ళీ కొమ్ము ఊదారు, ఎవరివో రెండు ఆవులు. మనుషులు వచ్చి అతని గుమ్మం ముందు నిలబడ్డారు. రానంటే జరిమానా. అతను రానని అనలేదు కూడా. కర్ర తీసుకుని, తల వంచుకుని వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడి, “సిగ్గులేదా బావా!” అని అరిచాను. ఆవులు దొరికాయి. దొంగా దొరికాడు.

వసంతంలో, నేల ఇంకా తడిగా ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం మిల్‌గిత్ నా ఇంటికి వచ్చింది. చంకలో నాలుగు నెలల ఆడపిల్ల. ముఖం పీక్కుపోయి ఉంది. ఉల్ఫ్ దగ్గరే ఉంటోందని అడగకుండానే నాకు అర్థమైంది. బావ లోపలే ఉన్నాడు, నా గొర్రెల కాళ్ళు చూడడానికి వచ్చి. ఇద్దరూ ఎదురుపడ్డారు. బావ బిడ్డ పాదాలను చూశాడు, తర్వాత చాలా ఏళ్ళకు మొదటిసారి తల ఎత్తి కూతురి ముఖం చూశాడు.

“ఎక్కడుంటున్నావు తల్లీ?”

“నీకు చెప్తే రాజుకు చెప్పినట్టే గదా నాన్నా.”

అతను మళ్ళీ తల దించుకున్నాడు.

“ఒక్కటి అడగడానికే వచ్చాను,” అంది. “ఆ రోజు బాట మీద, జాడ దొరకలేదని ఒక్క మాట అనుంటే ఏమయ్యేది?”

నేను లోలోపల మొక్కుకున్నాను, ఈ ఒక్కసారి ఏదైనా అబద్ధం చెప్పమని.

“దొరికింది గదమ్మా,” అన్నాడు.

మిల్‌గిత్ తల ఊపింది. బిడ్డకు దుప్పటి సర్ది, నన్ను పక్కకు పిలిచింది. “పిన్నీ, నేను బాట దాటేదాకా ఆయన్ని బయటికి రానివ్వకు. తర్వాత కూడా… నీకు తెలుసు గదా.” తెలుసు. ఉల్ఫ్‌ను వెతకమని బెర్నోత్ రేపు కొమ్ము ఊదిస్తే, ముందుకు తోసేది ఇతన్నే. ఇతను వెళ్తాడు కూడా.

అది వెళ్ళిపోయాక నా గొర్రెలన్నిటినీ బయటికి తోలాను. వాకిట్లో, సందులో, చేను గట్టు దాకా, మిల్‌గిత్ అడుగు పడ్డ ప్రతిచోటా ఇరవై ఆరు గొర్రెలను రెండుసార్లు తిప్పాను. మట్టి అంతా చిత్తడి చిత్తడి అయింది. తిరిగి వచ్చేసరికి బావ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నేల వైపే చూస్తున్నాడు.

“ఉత్తరం వైపు వెళ్ళింది,” అన్నాడు. “బిడ్డ ఎడమ చంకలో ఉంది. అలిసిపోయింది. ఇంకా కనిపిస్తోంది బేగా.” రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. అక్క పోయినప్పుడు కూడా ఏడవని మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నేను గొర్రెలను మళ్ళీ తోలాను.